బాగుండగా చివరిసారి చూసిందెవరు

"ఏడుంబావుకి," అన్నాడు డ్రైవరు. "మొదటి ట్రిప్పు అయ్యాక ఫోన్ చేశాను. నాన్న బాగానే మాట్లాడాడు."

డాక్టరమ్మ ఆ టైము అట్టమీది కాగితంలో రాసుకుంది. చిన్న వయసే. కళ్ళకింద నల్లచారలున్నాయి కానీ, చెయ్యి మాత్రం చకచకా కదులుతోంది.

"ఏడుంబావు. కచ్చితమేనా? మీ నాన్నగారిని బాగుండగా చివరిసారి చూసిందెవరో, మాట విన్నదెవరో, వాళ్ళు చెప్పే టైము నుంచే మేం లెక్క మొదలుపెడతాం."

"కచ్చితమేనండీ."

"ఇంతకుముందెప్పుడైనా ఇలా జరిగిందా?"

"లేదండీ. ఇదే మొదలు."

గోడకు చేరబడి నిలబడ్డ కోడలు తలెత్తి మొగుడి వంక చూసింది. మళ్ళీ దించుకుంది.

ఇప్పుడు టైము పదికి పది నిమిషాలు తక్కువ. గంట కిందట, కూతుర్ని బడిలో దింపి ఇంటికొచ్చిన కోడలికి పెరట్లో అద్దం కింద, నీళ్ళ తొట్టి పక్కన మామగారు పడి కనిపించాడు. పిల్ల హడావిడిలో ఆమె పొద్దున్నుంచీ పెరటివైపు వెళ్ళలేదు. మూతి ఒక పక్కకు పోయింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు ఆయనవి కానట్టు పడున్నాయి. ఆమె కేకకు మేడమీంచి ఆడపడుచు చెప్పులైనా లేకుండా దిగొచ్చింది. కబురందిన డ్రైవరు బస్సును ఇంకొకరికి అప్పగించి, ఖాకీ చొక్కాతోనే ఆసుపత్రికొచ్చాడు.

"మొదటి స్కాన్‌లో రక్తస్రావం లేదు, అదొక్కటీ నయం," అంది డాక్టరమ్మ. "మెదడుకెళ్ళే సన్నటి నాళంలో గడ్డ అడ్డుపడింది. గొట్టం పంపించి లాగడానికి అందని చోట ఉంది. కరిగించే మందు ఇస్తాం. మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఏడుంబావు అంటున్నారు కాబట్టి టైముంది. సంతకం పెట్టండి, మందు కలిపించి తెస్తాను."

డ్రైవరు సంతకం పెట్టాడు.

మేడమీంచి దిగొచ్చిన ఆడపడుచు, డ్రైవరు అక్క, పక్కనే నిలబడి ఇదంతా వింది.

ఇంట్లో ఆమె పేరు భూతద్దం. తండ్రి పెట్టిన పేరది. రక్తపు గడ్డల్ని కరిగించే ప్రోటీన్లు ఆ గడ్డల్ని ఎలా పట్టుకుంటాయో మైక్రోస్కోపు కింద చూడటం తొమ్మిదేళ్ళుగా ఆమె ఉద్యోగం. "దూలాలు కోసేవాడి ఇంట్లో పుట్టి దారప్పోగులు లెక్కపెడుతోంది మా భూతద్దం!" అని వడ్రంగి మేస్త్రీ అయిన ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. అది మురిపెమో ఎత్తిపొడుపో ఆమెకు ఇప్పటికీ తేలలేదు.

తెర తప్పించి తండ్రి మంచం దగ్గరకెళ్ళింది. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి, కుడివైపు గోడను చూస్తున్నాయి. ఎడమపక్క నిలబడితే కూతురు ఉన్నట్టే తెలియలేదు ఆయనకు. కుడిపక్కకు వచ్చి నిలబడి, చెంప మీద చెయ్యి వేసింది.

నున్నగా ఉంది.

రెండో చెంప చూసింది. తెల్లటి గరుకు గడ్డం. చెవి కింద ఎండిపోయిన సబ్బు నురగ.

మేస్త్రీ ఆరు కొట్టకముందే గడ్డం గీసుకుంటాడు. భార్య పోయిన రోజు కూడా గీసుకున్నాడు.

భూతద్దం బయటికొచ్చి తమ్ముడి మోచెయ్యి పట్టుకుంది. మెట్ల మలుపు దాకా వదల్లేదు.

"ఒరేయ్, ఫోన్ ఇటివ్వు."

"ఎందుకు?"

"ఏడుంబావుకి చేశానన్నావుగా, చూస్తాను."

"నా మాట మీద నమ్మకం లేదా నీకు?"

"పదకొండు రోజులుగా నువ్వూ నాన్నా ఎదురుపడితే చెరో గోడా చూసుకుంటున్నారు. ఇవాళ పనిగట్టుకుని ఫోన్ చేసి కుశలం అడిగావా?"

డ్రైవరు జేబు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. ఇచ్చే ఉద్దేశం ఆ చేతిలో లేదు.

పదకొండు రోజుల కిందట అతను పెరటి షెడ్డుకు తాళం వేశాడు. రంపం మిషను ముట్టుకోవద్దన్నాడు తండ్రిని. "నా చేతులు కట్టెయ్యడానికి నువ్వెవడివిరా? స్టీరింగు తిప్పేవాడికి చెక్క గురించేం తెలుసు?" అని మేస్త్రీ వీధివీధంతా వినేలా అరిచాడు. కొడుకు తాళంచెవి జేబులో వేసుకుని డ్యూటీకి పోయాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో "కాస్త పక్కకు జరగమను", "తలుపు వెయ్యమను" అంటూ కోడలి నోటితోనే మాట్లాడుకుంటున్నారు తండ్రీకొడుకులు.

"నాన్న గడ్డం సగమే గీసుకున్నాడు," అంది అక్క. "ఆరు గంటలప్పుడే ఏదో అయింది. నువ్వు చూశావు. చూశావా లేదా?"

అతను మెట్ల కటకటాలు పట్టుకున్నాడు.

"ఆరుకి పది నిమిషాలు తక్కువ," అన్నాడు చివరికి. "డ్యూటీకి వెళ్తున్నాను. అద్దం ముందు నిలబడి ఉన్నాడు. వెనకనుంచే వెళ్ళిపోయాను. ఏదో అన్నాడక్కా. మాట ముద్దముద్దగా ఉంది. నోట్లో నురగ పోయిందనుకున్నా. లేదా నన్ను వెక్కిరిస్తున్నాడనుకున్నా. వెనక్కి తిరగలేదు."

"తిరగలేదా?"

"తిరగలేదు. చెప్పాగా!"

కింద ఎవరో చక్రాల కుర్చీ తోసుకెళ్తున్నారు. ఆ కిరకిర దూరమయ్యాక అక్క అతని వైపు తిరిగింది.

"మరి ఏడుంబావు ఎక్కడ్నుంచి వచ్చింది?"

"నీ దగ్గర్నుంచే వచ్చింది." అతని గొంతు పెరిగింది. "భోజనాల దగ్గర నువ్వు చెప్పేదానివి కాదూ? నాలుగున్నర గంటలు దాటితే మందు ఇవ్వరని, ఎప్పుడు మొదలైందో తెలియకపోతే అసలే ఇవ్వరని! పొద్దున్నే మాట ముద్దగా ఉందంటే వాళ్ళేమంటారు? రాత్రి నిద్రలోనే వచ్చిందేమో, టైము దాటిపోయిందంటారు. అందుకే సరిపోయే టైము చెప్పాను. వెనక్కి తిరగనివాణ్ణి, ఇదైనా చెయ్యొద్దా?"

భూతద్దానికి ఆ భోజనాలు గుర్తొచ్చాయి. నిజమే, ఆ మాట తను చెప్పిందే. వింటున్నాడో లేదో పట్టించుకోకుండా, తన పని గురించి ఇంట్లో ఎవరో ఒకరికి చెప్పుకోవాలన్న ఆశతో చెప్పింది.

"సగమే విన్నావురా. రక్తం అందకపోతే నాళం గోడ కూడా దెబ్బతింటుంది. గంటలు గడిచేకొద్దీ నీళ్ళలో నానిన కాగితంలా అయిపోతుంది. అప్పుడు గడ్డ కరిగిందనుకో, రక్తం ఒక్కసారిగా వచ్చి పడుతుంది. గోడ ఆగదు."

"ఆగకపోతే?"

"మెదడులోకి పోతుంది. ఆ తర్వాత చెయ్యి గురించి, కాలు గురించి మాట్లాడుకోవడం ఉండదు."

"మందు ఇవ్వకపోతే?"

ఆమె మొహం తిప్పుకుంది.

"చెప్పు. ఇవ్వకపోతే ఎడమ చెయ్యి వస్తుందా?"

"రాకపోవచ్చు."

"షెడ్డుకు తాళం వేస్తేనే అన్నం సయించలేదాయనకి. చెయ్యే లేకపోతే బతుకుతాడా?"

బతకడు. ఆ సంగతి అక్కకూ తెలుసు. నోరు మూసుకుంటే చాలు, ఐదు నిమిషాల్లో మందు ఆయన నరంలోకి పోతుంది. ముద్దమాట నురగ వల్లే అయ్యుండొచ్చు. ఆ తర్వాతే మొదలై ఉండొచ్చు. తమ్ముడి అబద్ధమే నిజమైన లెక్కకు దగ్గరగా ఉండొచ్చు. ఉండొచ్చు, ఉండొచ్చు! ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళెవరైనా ఇలా ఊహల మీద మాట్లాడితే ఆమె వాళ్ళ కాగితాలు వెనక్కిచ్చేసేది. ఇవాళ ఆ ఊహలనే పట్టుకుని వేళ్ళాడాలనిపించింది.

"ఏవండీ," కోడలు మలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో. "డాక్టరమ్మ పిలుస్తోంది. మందు తెచ్చారు."

భూతద్దం కదిలింది. డ్రైవరు అడ్డం వచ్చాడు.

"చెప్పకు అక్కా."

"తప్పుకో."

"నీకు లెక్క తప్పకూడదు, అంతేగా? మనిషి ఏమైపోయినా సరే!"

ఆ మాట సూటిగా తగిలింది. ఆమె అతన్ని భుజంతో పక్కకు నెట్టుకుని నడిచింది.

మంచం దగ్గర డాక్టరమ్మ చేతిలో సూది సిద్ధంగా ఉంది. భూతద్దం ఆగకుండా చెప్పేసింది. ఏడుంబావుకి ఫోన్ లేదు. ఆరు కాకముందే మాట తేడాగా ఉంది. సగం గడ్డం చూడండి.

డాక్టరమ్మ సూదిని పళ్ళెంలో పెట్టింది. డ్రైవరు వైపు తిరిగింది.

"నిజమేనా?"

తెర అంచు పట్టుకుని నిలబడ్డాడతను. "నిజమే," అన్నాడు.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునన్నట్టు ఉంది అతని మొహం.

"రాత్రి ఎవరైనా బాగా చూశారా?"

"ఎనిమిదిన్నరకి మనవరాలికి కథ చెప్పారు," అంది కోడలు. "అప్పుడు బాగానే ఉన్నారండీ."

"అయితే లెక్క ఎనిమిదిన్నర నుంచి. ఆ లెక్కన టైము ఎప్పుడో దాటిపోయింది." డాక్టరమ్మ నుదురు రుద్దుకుంది. "ఇంకో దారుంది. పెద్ద మిషన్‌లో ఇంకో స్కాన్ తీద్దాం. అందులో రెండు రకాల బొమ్మలు వస్తాయి. దెబ్బ ఒక రకం దాంట్లో వెంటనే కనిపిస్తుంది, రెండో రకంలో కొన్ని గంటలు పోతేగాని కనిపించదు. మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో లేకపోతే దెబ్బ కొత్తదన్నమాట, మందు ఇవ్వొచ్చు. రెండింట్లోనూ ఉంటే మాత్రం ఇవ్వను. మీరెంత బతిమాలినా ఇవ్వను."

"ఎంతసేపు?" అన్నాడు డ్రైవరు.

"లోపల ఒకరున్నారు. వాళ్ళు రాగానే."

బయట బల్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. అక్కాతమ్ముళ్ళు చెరో కొసన కూర్చుంటే, కోడలు నడుమ కూర్చుంది. ఇంట్లోలాగే.

"మందు ఇవ్వనంటే ఆ పాపం నీదే," అన్నాడు డ్రైవరు ఎదుటి గోడతో.

"నాదే," అంది అక్క.

ఇరవై ఐదు నిమిషాలు గడిచాయి.

డాక్టరమ్మ దాదాపు పరుగులాంటి నడకతో వచ్చింది. "కొత్తదే. రెండో బొమ్మ శుభ్రంగా ఉంది. ఇస్తున్నాం. కాగితం మారింది, మళ్ళీ సంతకం కావాలి. రక్తస్రావం జరిగే ప్రమాదం ఇప్పటికీ ఉంది, అది తెలిసే చెయ్యండి."

డ్రైవరు కాగితం అందుకున్నాడు. చదవకుండానే అక్క వైపు జరిపాడు.

"నువ్వు చెయ్యి."

ఆమె చేసింది.

మొదట సూదితో కొంచెం ఎక్కించారు. మిగతాది గంటసేపు, చిన్న పంపుతో, బొట్టుబొట్టుగా. పావుగంటకోసారి నర్సు వచ్చి బీపీ చూసి రాసుకుంటోంది. డ్రైవరు తెర బయటే ఆగిపోయాడు. అతని బూట్లు కింద కనిపిస్తున్నాయి.

తొమ్మిదేళ్ళుగా ఆ మందులోని ప్రోటీనుతోనే ఉంటోంది భూతద్దం. దానికి పచ్చగా మెరిసే రంగు అంటించి, గాజుపలక మీది గడ్డలోకి అది ఎంత లోతుకు వెళ్తుందో కొలిచింది. మనిషి ఒంట్లోకి వెళ్తుండగా చూడటం ఇదే మొదటిసారి. రంగూ రుచీ లేని నీళ్ళలా ఉంది.

"వదినా," అంది కోడలు నెమ్మదిగా. "గడ్డ తలలో ఉంది. సూది చేతికి గుచ్చారు. ఎక్కడికెళ్ళాలో మందుకెలా తెలుస్తుంది?"

"తెలియదు. రక్తంతో పాటు ఒళ్ళంతా తిరుగుతుంది. ఊరికే తిరిగినంతసేపూ దానికి పెద్దగా పని చేతకాదు."

"మరి?"

"గడ్డంటే మాంసం ముద్దలా ఉంటుందనుకుంటాం. కాదు. సన్నటి దారాల అల్లిక అది. ఫైబ్రిన్ అంటాం. రక్తకణాలు ఆ అల్లికలో ఇరుక్కుపోతాయి. ఈ మందులో వేలులా పొడుచుకొచ్చిన భాగం ఒకటుంది, వంపు తిరిగిన మడతలున్నాయి. దారం తగిలిందంటే వాటితో పట్టుకుంటుంది."

"పట్టుకుని కోసేస్తుందా?"

"ఇది కొయ్యదు. కోసేది వేరే ఉంది. అది మన రక్తంలోనే నిద్రపోతూ తిరుగుతుంటుంది. అదీ వచ్చి అదే దారాన్ని పట్టుకుంటుంది. పక్కపక్కన చేరినప్పుడు ఇది దాన్ని లేపుతుంది. రక్తంలో విడివిడిగా ఎదురుపడితే లేపడం కష్టం. ఒకే దారం మీదుంటే మాత్రం వందల రెట్లు తొందరగా లేపేస్తుంది. లేచింది కోత మొదలుపెడుతుంది. కోసిన చోటల్లా కొత్త కొసలు బయటికొస్తాయి. ఆ కొసలు పట్టుకుని ఇంకొన్ని చేరతాయి."

"అంటే కోసేకొద్దీ పట్టు పెరుగుతుందా?"

"పెరుగుతుంది. అయితే గడ్డ ముదిరిందంటే దారాలు ఒకదానికొకటి బిగిసిపోతాయి. లోపలికి దూరడానికి సందుండదు. పైపైనే పట్టుకుని ఆగిపోతుంది. ఆ ఆగిపోయేదాని గురించే నా పనంతా."

కోడలు మామగారి ఎడమ చెయ్యి దుప్పటి మీద సరిగ్గా పెట్టింది.

"పాపం, మంచి గడ్డేదో చెడ్డ గడ్డేదో దానికి తెలుస్తుందా వదినా?"

"తెలియదు. దారమైతే చాలు దానికి. ఎక్కడో పాత గాయానికి ఒళ్ళు వేసుకున్న అతుకునైనా విప్పేస్తుంది. అందుకే నర్సు అన్నిసార్లు వస్తోంది."

తెర కింద బూట్లు కొంచెం దగ్గరకు జరిగాయి.

పంపు ఆగడానికి పది నిమిషాలుందనగా దుప్పటి కింద ఎడమ పాదం కదిలింది. భూతద్దం తను చూసింది నమ్మలేదు. నర్సును పిలిచింది. "తాతగారూ, ఈ చెయ్యి ఎత్తండి," అంది నర్సు. చెయ్యి జానెడు లేచి, వణికి, పడిపోయింది.

జానెడు లేచింది! కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తెర బయట డ్రైవరు గోడకేసి తిరిగిపోయాడు. అతని వీపు ఎగసిపడుతోంది.

మందు పూర్తయ్యాక డాక్టరమ్మ ముగ్గుర్నీ బయటికి పిలిచింది.

"మొదలు బాగుంది. రేపు ఈపాటికి మళ్ళీ స్కాన్ తీసేదాకా ఏదీ గట్టిగా చెప్పలేను. ఇంకో మాట. స్కాన్‌లో పాత మచ్చ ఒకటి కనిపించింది. చిన్నదే. నెలల కిందటిది. ఇదే మొదలని చెప్పారు కదా మీరు?"

"అవునండీ," అన్నాడు డ్రైవరు. "అలాంటిదేం జరగలేదు."

"జరిగింది," అంది కోడలు.

అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకేసారి తిరిగారు.

"ఏడు నెలలైంది. షెడ్డులో ఉలి జారి పడింది. చెయ్యి పూటంతా మొద్దుబారింది. నేనే తీసుకెళ్ళి చూపించాను. రక్తం పలచబడటానికి మాత్రలిచ్చారు. రెండు నెలలు వేసుకుని మానేశారు." కోడలు డాక్టరమ్మతోనే మాట్లాడుతోంది, పక్కకు చూడటం లేదు. "ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు."

"ఇది నాకు పొద్దున్నే తెలియాల్సింది," అంది డాక్టరమ్మ. "మూడు నెలల్లోపు ఇలా జరిగుంటే ఈ మందు ఇవ్వకూడదు, ఏడు నెలలైంది కాబట్టి సరిపోయింది. లేకపోతే..." ఆ మాట పూర్తి చెయ్యకుండానే వెళ్ళిపోయింది.

డ్రైవరు వెళ్ళి పెళ్ళానికి ఎదురుగా నిలబడ్డాడు.

"షెడ్డుకు తాళం వెయ్యమని పోరింది నువ్వు. పిల్ల అటు వెళ్తోందన్నావు."

"అన్నాను."

"పిల్ల కోసమని చెప్పి నాతో తాళం వేయించావు. ఆయన వీధిలో నా పరువు తీస్తుంటే తలుపు దగ్గర నిలబడి విన్నావు. పదకొండు రోజులు! ఒక్క మాట చెప్పుంటే పొద్దున నేను..."

"ఒట్టు తప్పలేకపోయాను. ఆ మిషను దగ్గర ఆయన చెయ్యి తెగిపడుతుందేమోనని రోజూ చచ్చేదాన్ని. ఏం చెయ్యమంటారు నన్ను?"

భూతద్దం బల్ల మీద కూర్చుండిపోయింది. ఏడు నెలలు! ఒకే ఇల్లు. మేడ మీద తను, కింద ఆయన. లోకంలోని గడ్డలన్నీ చూసింది, ఇంట్లోది తప్ప.

"నాక్కూడా చెప్పొద్దన్నాడా?" అని అడిగింది. "ఇదే కదా నా పని. నాకు చెప్పకుండా నీకెందుకు చెప్పాడు?"

"వద్దులే వదినా."

"చెప్పు."

కోడలు కొంగు అంచును వేలికి చుట్టుకుంది, విప్పింది.

"భూతద్దానికి తెలిస్తే నన్ను గాజుపలక మీద పరుచుకుని చూస్తుంది, నాన్నా అని పిలవడం మర్చిపోతుంది, అన్నారు."

ఎదురు గదిలో ఎవరిదో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

నర్సు తల బయటికి పెట్టింది. "పెద్దాయన మాట్లాడుతున్నారు. తేటగా లేదు గానీ అర్థమవుతోంది. ఒక్కరు రండి."

డ్రైవరు రెండడుగులు వేశాడు.

"మీరు కాదండీ. కోడల్ని పిలవమంటున్నారు."

కోడలు మొగుడి మొహం చూసింది. ఆడపడుచు మొహం చూసింది. కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళింది.

తెర వెనక మేస్త్రీ గొంతు నత్తినత్తిగా వినిపించింది, మాట పోల్చుకోవడానికి లేకుండా. ఆమె గొంతు ఒక్కసారే, పొట్టిగా వినిపించింది.

బయటికొచ్చినప్పుడు ఆమె మొహంలో రక్తం చుక్క లేదు.

"ఏమన్నాడు?" అన్నాడు డ్రైవరు.

"ఉలి జారిన సంగతి వాళ్ళకు చెప్పావా అని అడిగారు."

"నువ్వేమన్నావు?" అంది భూతద్దం.

"లేదన్నాను."

నర్సు తెరను పూర్తిగా పక్కకు లాగింది. "ఇప్పుడు కొడుకూ కూతురూ ఇద్దరూ రావచ్చు," అంది.